తొట్టి పరిరక్షణకు ఒక విన్నపం

పికప్ బండికి అసలు శత్రువు తుప్పు కాదు, గతుకుల రోడ్డు కాదు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంతకన్నా కాదు. లోడు. ఆలస్యంగానైనా అనంతపురం ఈ సంగతి గుర్తించినందుకు మనమంతా సంతోషించాలి. తొట్టి ఉన్నది సామాన్లు వేయడానికే అన్న భ్రమలో మనవాళ్లు ఇన్నాళ్లూ చీనీకాయలు, వేరుశనగ బస్తాలు, గొర్రెలు, తాడిపత్రి బండలు, చివరికి పెళ్లివాళ్లను కూడా అందులోకెక్కించి దాన్ని సర్వనాశనం చేశారు.

కళ్లు తెరిపించినవి డబుల్ క్యాబిన్ పికప్‌లు. మన శ్రీసిటీలోనే 2016 నుంచి ఇసుజు బండ్లు తయారవుతున్నాయి. 2022లో టయోటా హైలక్స్ కూడా దిగింది. ముందు ఐదుగురు ఏసీలో కూర్చోవచ్చు, వెనక చిన్న తొట్టి ఉంటుంది. ఆ తొట్టిలో ఏం వేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. మా కాలనీ కాంట్రాక్టర్ గారి బండిలో నేను చూసినంతవరకు ఎక్కినవి ఒక నాయకుడి మెడలో వేయాల్సిన గజమాల, ఒక క్రికెట్ కిట్, ఊరేగింపు రోజున కొందరు కుర్రాళ్లు. గజమాల వల్ల ఏ హానీ జరగలేదు. కుర్రాళ్ల చెప్పుల వల్ల ఒక గీత పడింది. ఆ పూట ఆయన భోజనం ముట్టలేదట. మరుసటి రోజే తొట్టికి లైనర్ పూత, అంటే రేకుకు గీతలు పడకుండా కాపాడే మందపాటి పొర, వేయాలని, అదీ ఎవరి చేతా కాకుండా తానే స్వయంగా వేయాలని నిర్ణయం జరిగిపోయింది.

శాస్త్రం కూడా ఆయన పక్షానే ఉంది. కంపెనీవాళ్లు వేసే పెయింటు మొత్తం కలిపి మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటే గొప్ప. పెద్ద షాపుల్లో స్ప్రే చేసే పాలీయూరియా పూత రెండు మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కానీ అది సెకన్లలో గట్టిపడుతుంది కాబట్టి వేడి చేసి, గట్టి ప్రెషర్‌తో కొట్టే మెషిన్ కావాలి. ఇంట్లో చేసుకునేవాళ్లకు దొరికేది పాలీయురెథేన్ డబ్బా. పూత గట్టిపడేలా చేసే హార్డెనర్ కలిపి, రోలర్‌తో పూసుకోవచ్చు. ప్లాస్టిక్ తొట్టి తెచ్చి లోపల దించేస్తే పోలేదా అని కొందరు అడుగుతారు. దాని కింద ఇసుక, నీళ్లు చేరతాయి, బండి కదిలినప్పుడల్లా ఆ ఇసుక పెయింటును అరగదీస్తుంది, తుప్పు ఎవరికీ కనపడకుండా పెరుగుతుంది. కనపడకుండా తుప్పు పెంచే పద్ధతులు మనకు ఇప్పటికే సరిపడా ఉన్నాయి, బండిలో కూడా ఎందుకు?

అసలైన ఘట్టం రుద్దుడు. నున్నటి పెయింటు మీద ఈ పూత నిలవదు, కొన్నాళ్లకే పొరలు పొరలుగా లేస్తుంది. పట్టు దొరకాలంటే ముందు సబ్బు నీళ్లతో కడిగి, జిడ్డు వదలగొట్టి, సాండ్ పేపర్ పట్టుకుని తొట్టి మొత్తం మెరుపు పోయేదాకా రుద్దాలి. అంటే ఒక్క గీత పడకుండా ఉండాలంటే మన చేత్తో మనమే లక్ష గీతలు పెట్టుకోవాలి. చెప్పు గీతకు అన్నం మానేసిన మనిషి, నిక్కరు వేసుకుని తొట్టిలో గొంతుక్కూర్చుని, మడతల సందుల్లో కూడా వదలకుండా ఒక పగలంతా గరగరా రుద్దాడు. అప్పుడు ఆయన ముఖంలో బాధ లేదు సరికదా, పుణ్యకార్యం చేస్తున్న తృప్తి ఉంది. రేకు బయటపడిన చోట ఎపాక్సీ ప్రైమర్ వేయాలి, వేశాడు. అంచులకు మాస్కింగ్ టేప్ అంటించాలి, వేలితో నొక్కి నొక్కి అంటించాడు. ఇంత శ్రద్ధ ఆయన వేయించిన రోడ్ల మీద పెట్టి ఉంటే అసలు తొట్టికి కుదుపులే ఉండేవి కావని ఒక గిట్టనివాడు అన్నాడు. అలాంటి మాటలు పట్టించుకోకూడదు.

మన వాతావరణం ఈ విషయంలో సగం మిత్రుడు, సగం ద్రోహి. హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లనే రసాయనాలకు నీటి తేమ తగిలితే గ్యాస్ పుట్టి పూతలో బుడగలొస్తాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లాలో ఆ టెన్షన్ పెద్దగా లేదు. కరువు వల్ల మనకు ఒరిగిన మేలు ఏదైనా ఉంటే దాన్ని ఇక్కడ రాసుకోవాలి. వేడితోనే చిక్కు. ఎండ ఎక్కువైతే కలిపిన మందు త్వరగా బిగుసుకుంటుంది, అందుకే పొద్దున్నే పని ముగించమంటారు. మే నెల మిట్టమధ్యాహ్నం, దోసె వేయగలిగినంత వేడెక్కిన రేకు ముందు కూర్చుని కలిపితే ఏమవుతుంది? మొదటి డబ్బా సగం కూడా పూయకముందే రాయైపోయింది. రోలర్ అందులో నిలువునా ఇరుక్కుపోయింది. ఇప్పుడది వాళ్ల గేటు తెరుచుకుపోకుండా అడ్డంగా పనిచేస్తోంది. లోడు మోసే పని ఇప్పటిదాకా ఈ ఇంట్లో చేసింది అదొక్కటే.

రెండో డబ్బా బాగానే సాగింది. ఎంత బాగా సాగిందంటే తొట్టి మూలల్లో నీళ్లు పోవడానికి ఉన్న చిల్లులు కూడా నిండిపోయాయి. ఒక్క వాన పడగానే తొట్టిలో నీళ్లు నిలిచాయి. జిల్లాలో చెరువులు నింపడానికి హంద్రీనీవా వాళ్లు ఎన్ని ఎత్తిపోతలు పెట్టారో అందరికీ తెలుసు. ఈయన ఒక్క మోటారు లేకుండా సాధించాడు.

ఇక్కడ ఒక్క మాట వెటకారం లేకుండా చెప్పాలి. ఆ ఐసోసయనేట్ల ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఒకసారి ఒంటికి పడకపోతే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఆస్తమా లేస్తుంది. స్ప్రే చేసేటప్పుడు మరీ ప్రమాదం, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. కాంట్రాక్టర్ గారు ముక్కుకు టవల్ కట్టుకుని రెండు రోజులు దగ్గి ఊరుకున్నారు. పెయింటింగ్ షెడ్లలో కుర్రాళ్లు రోజూ అదే పని చేస్తారు. అక్కడ తొట్టికి రెండు పూతలు, కొట్టేవాడి ముక్కుకు ఒక కర్చీఫ్.

మళ్లీ పరిరక్షణలోకి వద్దాం. చవక రకం పూత ఎండకు వెలిసిపోతుంది, నల్లగా ఉన్నది బూడిద రంగుకు తిరుగుతుంది. అందుకని దానిమీద ఎండకు ఆగే టాప్ కోటు. టాప్ కోటు మీద దుమ్ము పడకుండా టార్పాలిన్. టార్పాలిన్ ఎండకు చిరుగుతుంది కాబట్టి పైన రేకుల షెడ్డు.

ఇంతలో తాడిపత్రి రోడ్డు మీద బొలెరో పికప్‌లు పోతూనే ఉంటాయి. కంపెనీ లెక్కలో 1.7 టన్నులు, మన లెక్క పైవాడికే తెలియాలి. బండల అంచులు కోస్తాయి, యూరియా చెమ్మ పీల్చి రేకును తింటుంది, గొర్రెల మూత్రం మిగతాది చూసుకుంటుంది. నిజానికి ఈ పూత పుట్టిందే ఇలాంటి తొట్టి కోసం. కానీ అది పూర్తిగా ఆరాలంటే బండి కొన్ని రోజులు ఖాళీగా ఉండాలి. బండి నిలబడితే కిస్తీ నిలబడదు. అందుకే ఆ డ్రైవర్లు పాత లారీ ట్యూబు కోసి పరిచి, పైన నాలుగు గోనె సంచులు వేసి, ఇదే లైనర్ అంటారు. సౌందర్య దృష్టి బొత్తిగా లేని మనుషులు.

మొన్న షెడ్డు కింద పరచడానికి కాంట్రాక్టర్ గారికి బండలు కావాల్సి వచ్చాయి. బాడుగ బొలెరోలో తెప్పించారు. డ్రైవర్ దిగి, మెరిసిపోతున్న పికప్ చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాడు.

"ఏమన్నా, ఇంత బండి పెట్టుకోని మాకెందుకు బాడుగ ఇస్తాండావు?"

"దాంట్లో బండలేస్తే గీతలు పడవాప్పా?"

"గీతలు పడకుండానే గదన్నా మందు పూసింది?"

"బండికి పడవు. పూతకు పడతాయి కదప్పా!"

ఈ వాదనలో తప్పు ఎక్కడుందో డ్రైవర్ కొంతసేపు వెతికాడు, నేనూ వెతికాను. దొరకలేదు. ఈలోగా బండలు దింపడానికి ఒక మనిషి తక్కువయ్యాడని నన్ను కూడా ఒక చెయ్యి వేయమన్నారు.