మొక్కకు సర్టిఫికెట్ ఇస్తరట. మరి కాలువ పూడిక ఎవరు తీస్తరు?

పొద్దుగాల నుంచి మన నల్లగొండ గ్రూపులల్ల ఒక కరపత్రం తిరుగుతున్నది. తెల్లారుజామున బస్సు, కృష్ణా నది చివరన ఉన్న నాగాయలంకల పడవ, మడ అడవిల తలా ఒక మొక్క నాటుడు, సర్టిఫికెట్ పట్టుకొని రాత్రికి ఇంటికి. పైన పెద్దక్షరాలతోని "ప్రకృతిని కాపాడుదాం". చూసిన కాడినుంచి ఒళ్లు మండుతున్నది.

మడ అంటే రోడ్డు పక్కన తీసే గుంత కాదు, నది సముద్రంల కలిసే కాడ ఉప్పు బురదల పెరిగే అడవి. ఆ బురదల పెన్సిళ్ల లెక్క పైకి పొడుచుకొచ్చినవి తెల్ల మడ, నల్ల మడ చెట్ల ఊపిరి వేర్లు. బురద లోపల గాలి ఆడదు కాబట్టి చెట్టు వాటితోనే శ్వాస తీసుకుంటది. బస్సెడు మంది బూట్లేసుకొని దిగితే అవి ఏమైతయి? కాకినాడ దగ్గరి కోరింగ మడల అయితే చెక్కబాట మీదనే నడిపిస్తరు, కాలు బురదకు తగలదు.

సరే, ఏ మొక్క, ఏడ నాటిపిస్తరు? ఉప్పు పొన్న అనే మడ చెట్టు కాయ, చెట్టు మీదనే మొలకెత్తి కిందికి వేలాడుతది. పండినంక తెచ్చి, మొన దిక్కు మూడోవంతు బురదల గుచ్చితే చాలు. కానీ పోటు నీళ్లు రోజూ వచ్చిపోయే వాగు అంచున గుచ్చాలె. తెల్ల మడ మాత్రమే తట్టుకునే ఉప్పు నేలల గుచ్చితే బతకది. ఎప్పుడూ నీళ్లు నిలిచే లోతు బురదల పెడితే నాచు చుట్టుకుంటది, కాండానికి పెంకు జీవులు అంటుకొని బరువుకు వంగి చస్తది. మెరకన పెడితే బర్రెలు మేస్తయి. ఫొటోకు అనువుగ ఉండే జాగలు మటుకు ఈ రెండే!

అసలు పని మొక్కది కాదు, నీళ్లది. ఒకప్పుడు కూపులేసి (అడవిని ముక్కలుగ పంచి) మడను మొత్తం నరికితే నేల ఎండి, కుంగి, తాంబాళం లెక్క అయింది. పోటుకు ఎక్కిన నీళ్లు పాటుకు దిగలేదు. అక్కడనే ఆవిరై ఉప్పు పేరుకున్నది. అసొంటి నేలల విత్తనం మొలవదు. స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ, ఊర్ల వన సంరక్షణ సమితులు కలిసి కృష్ణా, గోదావరి మడలల్ల చేప ముల్లు ఆకారంల కాలువలు తవ్వినయి. వాగు నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు దిక్కుల ఏటవాలుగ పిల్ల కాలువలు. పైన వెడల్పు, అడుగున ఇరుకు ఉండాలె, లేకుంటే గట్లు జారి పడతయి. పోటు పాట్లు ఆ ఉప్పును కడుక్కపోతయి. మొక్క పెట్టేది కాలువ వాలు నడిమిట్ల, పోటుకు తడిసి పాటుకు తేలే ఎత్తుల. అంతటితోని అయిపోదు. ఒండ్రుతోని కాలువ పూడుతది, మళ్ల పార పట్టాలె. సర్టిఫికెట్ తీసుకున్నోళ్లు దానికి పోతరా? పోయేది ఆ ఊరి చేపలు పట్టే పల్లెకారులే. బస్సు టికెట్ల వాళ్ల వాటా ఎంతనో కరపత్రంల ఒక్క ముక్క లేదు.

ఇంకోటి. మనం మొక్క పట్టుకొని పోయే మడకు రావాల్సిన ఒండ్రు మన దగ్గరనే ఆగింది. నాగార్జునసాగర్ కట్టిననాడు 408 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 312. శ్రీశైలం 308 నుంచి 215కు దిగింది. తగ్గినంత జాగల పూడిక ఉన్నది. నది తెచ్చే మట్టి మీదనే మడ నిలబడతది. ఆ మట్టిని ఇక్కడ ఆపి, అక్కడికి పోయి ఒక్క మొక్క గుచ్చి వస్తమా?

వన సంరక్షణ సమితి అంటే కడుపు మండేది ఇంకోటి ఉన్నది, మన నల్లమల. అధ్యక్షుడి సంతకం పక్కన ఫారెస్టాయన సంతకం లేనిది పైసా కదలని ఖాతా పెట్టి, దానికి ఊరి సమితి అని పేరు పెట్టిండ్రు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు, చెంచు పెంటలు (గూడేలు) ఆ అడవిలనే ఉన్నయి. అక్కడ జీపుల తిప్పే ఫర్హాబాద్ సఫారీకి పోయినోళ్లు "చెంచులకు పని దొరికింది గద" అంటరు. పని ఇచ్చుడు హక్కు ఇచ్చినట్టా? 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడే, నడిపే హక్కు అక్కడి జనానికే రాసింది. అంటే రోజుకు ఎన్ని జీపులు పోవాలె, గేటు ఏ నెలల మూయాలె, టికెట్ పైసలు దేనికి ఖర్చు పెట్టాలె అనేది పెంటల గ్రామసభల తేలాలె. జీపు స్టీరింగ్ చేతికిచ్చి ఊకుంటే సరిపోదు.

బస్సు పెట్టేటాయనా, ఆ మొక్క ముచ్చట కరపత్రంల నుంచి తీసేయుండ్రి. పల్లెకారుల సమితికి టికెట్ మీద ఎంత ఇస్తరో, ఈ ఏడు ఏ కాలువ పూడికకు ఇస్తరో ఆ జాగల రాయుండ్రి. గ్రూపుల ఉన్నోళ్లు అది రాసేదాక ఎవరూ పైసలు కట్టకుండ్రి.