నల్లజాబితా రాసిన చేతులతో విగ్రహమా?

దక్షిణ కొరియా దర్శకుడు బాంగ్ జూన్-హోకు ఆయన పుట్టిన దేగు నగరంలో విగ్రహం పెడతామన్నారు. మ్యూజియం కడతామని, పుట్టిన ఇంటిని పునరుద్ధరిస్తామని కూడా చెప్పారు. ఆయన సినిమా ‘పారసైట్’ నాలుగు ఆస్కార్లు గెలిచి వారం తిరగకముందే, 2020 ఏప్రిల్ 15 పార్లమెంటు ఎన్నికల కోసం లిబర్టీ కొరియా పార్టీ అభ్యర్థులు గుప్పించిన హామీలివి. సేనూరి అన్న పేరుతో ఈ పార్టీయే అధికారంలో ఉన్నప్పుడు తనకు నచ్చని కళాకారులకు సాయం అందకుండా సర్కారు తయారుచేసిన నల్లజాబితాలో బాంగ్ ఒకరు. ఆ సంగతి ఎత్తకుండా పూలదండతో వచ్చారు. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఏముంటుంది?

ఆ నల్లజాబితా అప్పటి అధ్యక్షురాలు పార్క్ గ్యున్-హే హయాంలోనిది. 2016లో బయటపడిన పత్రంలో 9,473 పేర్లున్నాయి. 304 మందిని బలిగొన్న సెవోల్ నౌక ప్రమాదంపై ప్రభుత్వాన్ని నిలదీస్తూ సంతకం చేయడం, ప్రతిపక్ష నేతలను బలపరచడం వారు చేసిన నేరాలు. బాంగ్ సినిమాల మీద అధికారులు రాసుకున్న మాటలు కూడా తరువాత వెలుగు చూశాయి. ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ పోలీసులను అవినీతిపరులుగా చూపిందట. ‘ది హోస్ట్’ అమెరికాపై వ్యతిరేకత పెంచి, ప్రభుత్వ అసమర్థతను ఎత్తిచూపిందట. ‘స్నోపియర్సర్’ మార్కెట్ వ్యవస్థను కాదని జనాన్ని తిరుగుబాటుకు రెచ్చగొట్టిందట.

ఇరవై ఏళ్లుగా బాంగ్ రాస్తున్నదీ తీస్తున్నదీ ఇలాంటి కథలే. వాన నీరు ముంచెత్తిన సగం నేలమాళిగ ఇంటినీ, ఎత్తు మీది భవంతినీ పక్కపక్కన నిలబెట్టిన ‘పారసైట్’ కూడా ఆ కోవలోదే. ఆస్కార్ రాకపోయి, పాత ప్రభుత్వమే ఉండి ఉంటే, ఈ సినిమా పేరు కూడా అదే దస్త్రంలోకి ఎక్కేది. ఆస్కార్ వేదికపై మాట్లాడిన, ‘పారసైట్’కు పెట్టుబడి పెట్టిన సీజే గ్రూపు వైస్ చైర్‌పర్సన్ మికీ లీని పదవి నుంచి తప్పించాలని ఒత్తిడి తెచ్చింది కూడా పార్క్ అధ్యక్ష భవనమే. ఆ పని చేసిన అధికారిని కోర్టు దోషిగా తేల్చింది.

నాయకత్వం మారింది కదా, సొంత ఊరి బిడ్డను గౌరవించుకుంటే తప్పేమిటని కొందరన్నారు. మారి ఉంటే ఆ మాట నోరు తెరిచి చెప్పాలి. పార్క్ వద్ద సిబ్బంది ప్రధానాధికారిగా చేసిన కిమ్ కీ-చున్, సాంస్కృతిక మంత్రి చో యూన్-సన్ అరెస్టయిన నల్లజాబితా కేసును సుప్రీంకోర్టు 2020 జనవరి 30న మళ్లీ విచారణకు పంపింది. ఆ హామీలు గుప్పించేనాటికి కేసు ఇంకా తేలనే లేదు. ఇంతలోనే విగ్రహమా?

మా ఆందోళన బాంగ్ గురించి కాదు, ఆయనకు ప్రపంచమంతా అండగా ఉంది. ఆ జాబితాలోని రంగస్థల నటులు, కవులు, చిన్న ప్రచురణకర్తల మాటేమిటి? వారికి ఆస్కార్ రాదు, కాబట్టి వారి ఇళ్లకు ఏ అభ్యర్థీ వెళ్లడు. బహుమతి తెచ్చినవాడికి సన్మానం, తేనివాడికి మౌనం అన్నది ఆనవాయితీ అయితే, రేపు మరో ప్రభుత్వం ఇంకో జాబితా రాయడానికి జంకదు. గెలిచినవారిని నెత్తిన పెట్టుకుంటే చాలు, మిగతావారి సంగతి ఎవరూ అడగరన్న ధీమా దానికి వస్తుంది.

విగ్రహం, మ్యూజియం లాంటివి తాను చనిపోయాక ఆలోచించండని బాంగ్ సియోల్‌లో విలేకరులతో మర్యాదగానే అన్నారు. మేము అంత మర్యాదగా చెప్పలేం. 2020 ఫిబ్రవరిలో విలీనమై, మరోసారి పేరు మార్చుకున్న ఆ పార్టీ నాయకులారా, బోర్డు మార్చినంత మాత్రాన పాత దస్త్రాలు చెరిగిపోవు. జాబితాలోని ప్రతి ఒక్కరికీ బహిరంగంగా క్షమాపణ చెప్పండి. అంతవరకు బాంగ్ పేరు చెప్పుకుని దేగు వీధుల్లో ఓట్లు అడగకండి.