నార్ఫోక్ టిక్కు మార్కు గారికి

అయ్యా టిక్కు మార్కు గారూ,

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ పక్షి ప్రియుల నోటుపుస్తకాల్లో, చూసిన ప్రతి పిట్ట పేరు పక్క గడిలోనూ పడే తమరి వైభోగం చూసి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

2008 జనవరిలో నార్ఫోక్ తీరాన ఉన్న క్లే ఊళ్లో జరిగిన తిరనాళ్లు తమరికి గుర్తుండే ఉంటాయి. అమెరికాలో ఉండాల్సిన వైట్ క్రౌన్డ్ స్పారో ఒకటి, తల మీద నలుపు తెలుపు చారలతో, దారితప్పి ఒక ఇంటి ముందు కంకర మీద వాలింది. అంతే, టెలిస్కోపులు భుజాన వేసుకుని ఎక్కడెక్కడి జనమో దిగారు. అది గింజ ఏరితే ఆహా, తల తిప్పితే ఓహో! గడిలో తమరు పడ్డాక మళ్లీ దాని మొహం చూసే పనేముంది? పోనీలెండి, వచ్చినవాళ్లు చర్చి మరమ్మతుకు 6,000 పౌండ్లకు పైగా చందా వేశారు. ఆ పిట్ట బొమ్మ ఇప్పుడు చర్చి కిటికీ రంగుటద్దంలో ఉంది.

మరి ఊరి పిచ్చుక? 2002 నుంచి బ్రిటన్ రెడ్ లిస్టులో, అంటే ముప్పు ఎక్కువగా ఉన్న పక్షుల జాబితాలో ఉంది. దానికి చర్చి కిటికీ దాకా ఎందుకు, గూడు పెట్టుకోను చూరులో సందు దొరికితే చాలు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా!

రెల్లు పొదల్లో దాక్కునే కొంగ జాతి పక్షి బిట్టర్న్ సంగతీ అంతే. 1997లో బ్రిటన్ మొత్తం మీద కూత వినిపించిన మగవి 11. రెల్లు కోసి, బురద తవ్వి, నీటిమట్టం సరిచూసి ఇప్పుడు వాటిని 200 దాటించారు. ఆ బురదలో దిగినవాళ్ల పేరు పక్కన తమరు ఎన్నడైనా పడ్డారా? అసలు క్లే చిత్తడినేలను 1926లోనే కొని కాపాడారు గనక అక్కడ తమరి కొలువు సాగుతోంది.

తమరితో చిక్కేమిటంటే, ఒక్క పిచ్చుకున్నా టిక్కే, వందున్నా టిక్కే. అవి తగ్గిపోతున్నాయని తమరు చెప్పేదెలా? ఏటా జనవరి ఆఖర్లో బ్రిటన్ దేశమంతా గంటసేపు కూర్చుని తోటలో పిట్టల్ని లెక్కపెడుతుంది. ఆ లెక్కలో మొదటి స్థానం ఇప్పటికీ పిచ్చుకదే. కాకపోతే 1979తో పోలిస్తే ఒక్కో తోటలో కనిపించేవి సగానికి పైగా తగ్గాయి.

ఈసారి ఆ గంటా తమరు సెలవు పుచ్చుకోండి. ఆ ఫారంలో టిక్కు చెల్లదు, అంకె వేయాలి.

ఇట్లు,
నారిచ్‌లో వంటింటి కిటికీ దగ్గర నిలబడి లెక్కపెట్టే ఒక తెలుగువాడు