ఆవిడ ఏడిస్తేనే తప్పా?

ఇప్పుడే టీవీ కట్టేసి వచ్చి రాస్తున్నాను, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. వారం రోజులుగా రాత్రి భోజనాలయ్యాక స్టార్ ట్రెక్ డిస్కవరీ అనే అంతరిక్ష సీరియల్ చూస్తున్నాను. భీమవరం నుంచి మా బావ వచ్చాడు, పక్కన కూర్చుని ఐదు నిమిషాలు చూశాడో లేదో "ఈవిడ ఏడుపు మొహం చూడలేం, మార్చెయ్" అన్నాడు. ఐదు నిమిషాలు! అందులో హీరోయిన్ మైఖేల్ బర్నమ్ ఎవరో, ఎందుకు ఏడుస్తోందో కూడా తెలీదు.

ఇది మా బావ ఒక్కడి గోల కాదు. 2017లో మొదలైన దగ్గర్నుంచి 2024లో ఐదో సీజన్‌తో అయిపోయేదాకా, అభిమానులం అని చెప్పుకునేవాళ్ళే ఆ పాత్రని వదల్లేదు. ఎక్కువ ఏడుస్తుందట, అన్నీ తనకే తెలుసంటుందట, ప్రతిసారీ తనే కాపాడాలా అట. కథ ఆవిడదయినప్పుడు ఇంకెవరు కాపాడతారండీ? పాత స్టార్ ట్రెక్ హీరో కెప్టెన్ కిర్క్‌ని ఎవరైనా ఈ మాట అడిగారా? 1982 సినిమాలో తన స్నేహితుడు స్పాక్ అంత్యక్రియల దగ్గర కిర్క్ గొంతు పూడుకుపోతే అది స్నేహం. 1984 సినిమాలో అదే కిర్క్ ఏకంగా అంతరిక్ష ఓడనే ఎత్తుకుపోయాడు, తర్వాతి సినిమాలో అడ్మిరల్ హోదా తీసేసి కెప్టెన్‌ని చేసి కొత్త ఓడ చేతిలో పెట్టారు. అదీ శిక్ష! బర్నమ్ తన కెప్టెన్‌ని స్పృహ తప్పించి శత్రువులైన క్లింగాన్ల మీద కాల్పులు జరపమన్నందుకు రెండో ఎపిసోడ్‌కల్లా యావజ్జీవం పడింది. కెప్టెన్ కుర్చీ ఎక్కడానికి మూడో సీజన్ చివరిదాకా పట్టింది. అయినా ఊరికే ఇచ్చేశారంటారు. చిన్నప్పుడే అమ్మానాన్నలకి దూరమై, మనసులో ఉన్నది బయటపెట్టడమే తప్పనుకునే వల్కన్లనే వేరే గ్రహం వాళ్ళ ఇంట్లో పెరిగిన పిల్ల, ఎన్నేళ్ళ ఏడుపు దాచుకుని ఉంటుందో ఒక్కసారైనా ఆలోచించారా?

అసలు నాకు ఇంత కోపం ఎందుకంటే, ఆ మాట నేను ముందే విన్నాను. నాన్న మంచాన పడ్డ ఏడాది రొయ్యల చెరువు మా అక్కే చూసుకుంది. రాత్రిళ్ళు కరెంటు పోయి, నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే సరుకంతా తేలిపోతుందని గట్టు మీదే మంచం వేసుకుని పడుకునేది, జనరేటర్ తనే వేసుకునేది. పంట బాగా వచ్చింది. రేటు కలిసొచ్చిందన్నారు. తర్వాతి పంటకి వైట్‌స్పాట్ వైరస్ తగిలింది, మాకొక్కరికే కాదు, ఆ కాలువ వెంబడి చెరువులన్నిటికీ. పక్క చెరువు మావయ్య దగ్గరికెళ్ళి "పాపం, వైరస్ కదా" అని ఓదార్చినవాళ్ళే మా గట్టు మీదికొచ్చి "ఆడపిల్ల చేతిలో పెడితే ఇంతే" అన్నారు. ఆ సాయంత్రం అక్క గట్టు మీద కూర్చుని ఏడ్చింది. మా బావ ఏమన్నాడో తెలుసా? "ఏడిస్తే చెరువులు నడుస్తాయా?"

మరి మరుసటేడు తన చెరువు పోయినప్పుడు రెండు రోజులు అన్నం మానేసి ముసుగు తన్ని పడుకున్నాడు. అత్తయ్య వచ్చి మా ఇంట్లో చెప్పుకుని బాధపడింది. అప్పుడు ఎవరూ ఒక్క మాట అనలేదు. మళ్ళీ రొయ్య పిల్ల వేసుకోవడానికి డబ్బు సర్దింది అక్కే.

బావా, నువ్వు ఇది చదువుతావని తెలుసు, చదవాలనే రాశాను. ఆదివారం రా, మొదటి ఎపిసోడ్ నుంచి పెడతాను. అక్క కూడా వస్తోంది.