గుడారంలో పుట్టిన ముత్తాత

(ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతంలో కాపురముంటున్న మేనకోడలు తన భర్త ముత్తాత జిప్సీ కుటుంబంలో పుట్టాడని పాత కాగితాల్లో కనిపెట్టింది. బాపట్లలో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మేనమామ ఆమె ఇంటికి వచ్చి ఉన్నారు. ఆ సంగతి పిల్లలకు చెప్పాలా వద్దా అన్న దగ్గర మాట మొదలైంది.)

మావయ్య: వద్దమ్మాయ్. మీ ఆయన తాత చనిపోయేదాకా ఆ ఊసెత్తలేదు, వాళ్ల నాన్నా ఎత్తలేదు. రెండు తరాల పెద్దలు కడుపులో దాచుకున్న మాటను కోడలివి నువ్వు బయటపెట్టడమేంటి?

మేనకోడలు: ఇష్టపడి దాచుకుంటే ఊరుకునేదాన్ని మావయ్యా. భయపడి దాచారు.

మావయ్య: అసలు ఆయన జిప్సీ అని నీకెలా తెలిసింది? ఇంటిపేరు చూసి అనుకున్నావా? లీ, స్మిత్, కూపర్ అన్నవాళ్లు ఈ దేశంలో వీధికొకరు ఉంటారు.

మేనకోడలు: ఇంటిపేరుతో ఏమీ తేలదని నాకూ మొదటి వారంలోనే తెలిసింది. నన్ను ఆపింది 1881 జనగణన కాగితం. ఆ కుటుంబానికి ఇంటి నంబరు లేదు. చిరునామా ఉండాల్సిన చోట గుడారం అని ఉంది. తండ్రి పని హాకర్, అంటే ఊరూరా తిరిగి అమ్ముకునేవాడు. పిల్లలు ఐదుగురు, పుట్టిన ఊళ్లూ ఐదు. ఆ ఐదు ఊళ్ల చర్చి రిజిస్టర్లూ తెరిచాను. మూడింట్లో బాప్టిజం దొరికింది, మూడు చోట్లా ఇంటిపేరు స్పెల్లింగు వేరు. ఒక పాదిరి తండ్రి పేరు పక్కన ట్రావెలర్ అని రాశాడు. ఊళ్లను మ్యాపు మీద పెట్టి, పక్కన నెలలు రాసుకున్నాను. ఎండాకాలంలో బఠాణీ కోతలు జరిగే ఊళ్లు, సెప్టెంబరులో బీరులో వేసే హాప్స్ కోతకు కెంట్, చలికాలం లండన్ శివార్లు. వాళ్లు ఊరికే తిరగలేదు మావయ్యా. పంట ఎక్కడ కోతకొస్తే అక్కడికి వెళ్లారు. అలాంటివాళ్లను ఒక ఊరి రిజిస్టరు పట్టుకుని కూర్చుంటే ఎప్పటికీ దొరకరు, దారి వెంట వెతకాలి.

మావయ్య: రైలు కట్టలు పోసిన కూలీల పిల్లలు కూడా ఊరికొకరు పుట్టారు. సర్కస్ వాళ్ల పిల్లలూ అంతే.

మేనకోడలు: అది నిజమే. అందుకే ఒక్క కాగితంతో నిర్ణయించలేదు. జిప్సీ కుటుంబాల్లో సిన్ఫీ, వాష్టీ, బ్రిటానియా లాంటి పేర్లు తరం తరం వస్తాయి. పెళ్లిళ్లు అవే నాలుగైదు ఇంటిపేర్ల మధ్య జరుగుతాయి. తండ్రి బుట్టలల్లితే కొడుకు గుర్రాల బేరం చేస్తాడు. ఇవన్నీ ఒకే కుటుంబంలో కలిసొచ్చాకే నమ్మాను.

మావయ్య: ఇంత శ్రమ దేనికి? జిప్సీలంటే మన లంబాడీలేగా. ఒక కొమ్మ పడమటికి పోయింది, ఒక కొమ్మ మన వైపు వచ్చింది. చిన్నప్పటినుంచీ వింటున్న మాటే.

మేనకోడలు: విన్నమాటే గానీ పొసగదు మావయ్యా. రోమా ప్రజల, అంటే ఈ జిప్సీల, పూర్వీకులు మన దేశం వదిలి సుమారు వెయ్యేళ్లయింది. లంబాడీలు ఎద్దుల మీద ధాన్యం మోస్తూ మొఘల్ సైన్యాల వెంట దక్కనుకు వచ్చింది 17వ శతాబ్దంలో. అప్పటికి జిప్సీలు ఇంగ్లండ్‌లో నూరేళ్లకు పైగా ఉన్నారు. 1530లోనే వాళ్లను వెళ్లగొట్టడానికి ఇక్కడ చట్టం చేశారు. లంబాడీల మాట రాజస్థానీకి దగ్గర. జిప్సీలు మాట్లాడే రోమానీ కూడా ఉత్తరాది మాటే, కానీ దాని దారి వేరు.

మావయ్య: ఆ వేషం, ఆ బళ్లు, ఆ తిరుగుడు చూస్తే ఒకటే అనిపించదూ?

మేనకోడలు: తిరిగే వాళ్లందరికీ బళ్లుంటాయి. ఇక్కడి ఐరిష్ ట్రావెలర్లకూ ఉన్నాయి, వాళ్లు ఐర్లండ్ మట్టిలో పుట్టినవాళ్లే, మనతో ఏ సంబంధమూ లేదు. చుట్టరికం కావాలంటే మాటల్లో చూడండి. దేవుణ్ణి దేవెల్ అంటారు, మనిషిని మనుష్ అంటారు, నీళ్లను పానీ అంటారు, కత్తిని చూరి అంటారు.

మావయ్య: చూరి... ఛురికేగా అది. (కాసేపు ఊరుకుని) సరే, లంబాడీల మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నా అసలు మాట అది కాదమ్మాయ్. నువ్వు నమ్ముతున్న ఆ కాగితాలు ఎవరు రాశారు? వాళ్లను తరమడానికి రాసిన కాగితాలవి. నేను స్టువర్టుపురం పిల్లలకు పాఠం చెప్పాను. ఎరుకలవాళ్ల తాతలను 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద రిజిస్టర్లలో ఎక్కించి, వేలిముద్రలు తీసి, హాజరు వేయించారు. 1952 నాటికి ఆ చట్టం పోయింది. నా దగ్గర చదివిన పిల్లలు అది పోయాక పుట్టినవాళ్లు. అయినా ఉద్యోగం దరఖాస్తులో ఊరి పేరు రాయడానికి చేయి ఆడేది కాదు, బాపట్ల అని రాసుకునేవాళ్లు. హిట్లర్ కాలం నాటి జర్మనీ సంగతి చూడు. రాబర్ట్ రిట్టర్ అనే డాక్టరు, ఎవా జస్టిన్ అనే ఆవిడ సరిగ్గా నువ్వు చేస్తున్న పనే చేశారు. క్యాంపులకు వెళ్లి, ముసలమ్మల దగ్గర కూర్చుని, మీ అమ్మ ఎవరు, మీ అమ్మమ్మ ఎవరు అని అడిగి వంశవృక్షాలు గీశారు. ఇరవై వేలమందికి పైగా వివరాలు రాశారు. 1942 డిసెంబరులో నాజీ నాయకుడు హిమ్లర్ ఆజ్ఞ వచ్చాక ఆ వంశవృక్షాల్లో ఉన్నవాళ్లను ఆష్విట్జ్ చావు క్యాంపుకి పంపారు. 1944 ఆగస్టు 2 రాత్రి అక్కడి జిప్సీ క్యాంపులో మిగిలిన నాలుగు వేలకు పైగా మందిని, అందులో పిల్లలూ ముసలివాళ్లే ఎక్కువ, చంపేశారు. వంశవృక్షం గీయడం ఆ జనానికి ఏం చేసిందో తెలిశాక కూడా, నీ పిల్లల పేర్లు దాని చివర రాస్తానంటావా?

మేనకోడలు: (చాలాసేపు ఆగి) బతికున్న వాళ్ల పేర్లు నేను ఎక్కడా బయట పెట్టలేదు. ఇక ముందూ పెట్టను. మీరు చెప్పింది నా కంటి ముందే ఉంది మావయ్యా. కానీ ఆ కథ అక్కడితో ఆగలేదు. యుద్ధం అయ్యాక ఆ ఫైళ్లు ఎవరి దగ్గరున్నాయి? పరిశోధకుల అలమరాల్లోనే ఉన్నాయి. బతికి వచ్చినవాళ్లు నష్టపరిహారం అడిగితే, 1956లో పశ్చిమ జర్మనీ పెద్ద కోర్టు ఏమంది? 1943కి ముందు మిమ్మల్ని జాతి పేరుతో హింసించలేదు, మీ నడవడిక వల్ల ఆ చర్యలు తీసుకున్నారంది. అంటే రిట్టర్ మాటే మళ్లీ చెప్పింది. 1981లో సింతీలు, అంటే జర్మనీలోని రోమా ప్రజలు, ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం ఆర్కైవ్‌లోకి వెళ్లి బైఠాయించారు. అక్కడున్న ఆ కాగితాలను తగలబెట్టలేదు. దేశపు ఆర్కైవ్‌కి అప్పజెప్పేదాకా కదల్లేదు. మరుసటి ఏడాది జర్మనీ ప్రభుత్వం అది జాతి హత్యేనని ఒప్పుకుంది. చంపించిన కాగితమే సాక్ష్యం అయింది. అది ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. నా పిల్లలు తమ ముత్తాతను కాగితంలో చదవకపోతే, ఆయన గురించి బజారులో తిట్టుగా వింటారు. ఈ దేశంలో ఆ తిట్టు ఇంకా బతికే ఉంది.

మావయ్య: మరి జిప్సీల ఆచారం? మనిషి పోతే ఆ బండిని, సామానును తగలబెట్టేవాళ్లట, చాలా ఇళ్లలో పోయినవాళ్ల పేరు పలికేవాళ్లు కాదట. పేరే పలకని చోట నువ్వు చెట్టు గీసి గోడకు తగిలిస్తావా?

మేనకోడలు: దానికి నా దగ్గర జవాబు లేదు. గోడకు తగిలించను.

మావయ్య: ఆయన తల్లి సంగతి? ఆవిడ గురించి ఏముంది?

మేనకోడలు: 1841 జనగణనలో గుడారాల్లో, పశువుల కొట్టాల్లో పడుకున్నవాళ్ల పేర్లు అడగనక్కర్లేదు, తలలు లెక్కపెడితే చాలన్నారు. చిన్నప్పటి ఆవిడ అందులో ఎక్కడో ఒక అంకె. తరవాత ఒక కోర్టు వార్తలో పేరు దొరికింది. రోడ్డు పక్కన గుడారం వేసినందుకు జరిమానా. 1835 హైవే చట్టం జిప్సీ అన్న మాట పెట్టి మరీ దాన్ని నేరం చేసింది. ఆ వార్తలో ఆవిణ్ణి పనీపాటా లేని దేశదిమ్మరి అన్నారు. జనగణన కాగితంలో మాత్రం బుట్టలల్లేది అని ఉంది.

మావయ్య: ఎరుకలమ్మల్లాగా. చెట్టులో ఏం రాశావు?

మేనకోడలు: బుట్టలల్లేది అని.

మావయ్య: ఆ దేశదిమ్మరి మాటా రాయి. ఎవరన్నారో, ఏ ఏడు అన్నారో తేదీతో సహా పక్కనే రాయి. అది తీసేస్తే ఆమెను ఎందుకు దాచారో నీ పిల్లలకు అర్థం కాదు.