గుడ్లగూబ కక్కిన ఉండ గారికి

మహారాజశ్రీ ఉండ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. కుశలం మీకేనండీ, నా మెడ పట్టేసింది.

ఈ మధ్యాహ్నమంతా జల్లెడ పట్టిన గుహ మట్టిని మైక్రోస్కోపు కింద పెట్టుకుని, తడి కుంచె కొసతో రేణువు రేణువూ కదిపాను. సాయంత్రానికి, ఏనాడో అంతరించిన బెరెమెండియా అనే చుంచు దవడ ఒకటి దొరికింది. పంటి మొనలకు ఇనుము వల్ల వచ్చిన ఎరుపు ఇన్ని లక్షల ఏళ్లయినా చెక్కుచెదరలేదు. జాతిని నికరంగా తేల్చే దవడ కీలు మాత్రం విరిగిపోయింది. సరే, పోనివ్వండి.

నా బాధ అది కాదు. ఈ చుంచు ఎక్కడ బతికేదని అడిగితే, గుడ్లగూబ ఎక్కడెక్కడ వేటాడిందో చెబుతారేం? అది రాత్రంతా బీడూ అడవీ వాగొడ్డూ తిరిగి, దొరికినవన్నీ మింగి, సున్నపురాతి నెర్రెలో కూర్చుని అరగని ఎముకల్ని ఒకేచోట ఉండలుగా కక్కింది. పెళ్లి పందిట్లో ఎత్తేసిన విస్తళ్లు చూపించి, ఏ కాయ ఏ చేలో కాసిందో చెప్పమన్నట్టుంది.

పక్కన దొరికిన వేరే జీవుల ఎముకల్ని అడగమంటారు పెద్దలు. కప్పలుంటే తేమ నేల, గడ్డి ఎలుకలుంటే మైదానం. ఆ రెండింటినీ పోగేసింది కూడా అదే గూబ కదండీ!

1864లో అచ్చయిన, హంగేరీ శాస్త్రవేత్త పెతేన్యీ వర్ణన ఈ చుంచుని నీటి చుంచుల ప్రజాతిలో వేసింది. 1934లో కోర్మోష్ అనే మరో శాస్త్రవేత్త దీన్ని వేరే ప్రజాతిగా విడదీసి, హంగేరీలోని బెరెమెండ్ ఊరి పేరు పెట్టాడు. తర్వాత స్పెయిన్ నుంచి చైనా దాకా, తడి నేలల జీవులతోనూ పొడి నేలల జీవులతోనూ కలిసి దొరుకుతూ పోయింది. చివరికి తేలిందేమిటి? ఎక్కడైనా సర్దుకుపోయే రకమట! ఇదేం జవాబయ్యా? సర్దుకుపోయేదే అయితే ఎందుకు అంతరించింది? ఎక్కడైనా బతికేది ఎక్కడా లేకుండా ఎలా పోయింది? నోరు విప్పవేం?

నిన్ను పూర్తిగా తిట్టనూ లేను. గూబ నమలదు గనకే వేలి గోరంత దవడ నా దాకా వచ్చింది. నక్క పాలో గద్ద పాలో పడి ఉంటే పళ్లు కూడా సగం కరిగిపోయేవి.

రేపు రెండో ట్రే తీస్తున్నాను. ఈసారైనా కీలు విరగని దవడ ఒకటి ఇప్పించు. పక్కన కప్పను మాత్రం పెట్టకు, దానికి సంజాయిషీ రాసే ఓపిక నాకు లేదు.