పిక్సెల్ వారికి ధూళికణం తరఫున విన్నపం

మహారాజశ్రీ కెమెరా పిక్సెల్ వారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. 8 మైక్రాన్ల మెలమిన్ ఫార్మాల్డిహైడు అనే ప్లాస్టిక్ గోళీని 13.56 మెగాహెర్ట్జ్ విద్యుత్తుతో వెలిగించిన ఆర్గాన్ ప్లాస్మాలో, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువులో వదిలితే, అది వేల ఎలక్ట్రాన్లను ఒంటికి పట్టించుకుని, కింది ఎలక్ట్రోడు మీది విద్యుత్ క్షేత్రం ఎత్తి పట్టగా తేలుతూ, పలుచని లేజరు కాంతిపొరలో చుక్కలా మెరుస్తుందని మీకు తెలుసు. అలాంటి కణాలు స్ఫటికంలా బారులు తీరడాన్ని 1994లో జర్మనీ, తైవాన్, జపాన్ పరిశోధకులు విడివిడిగా ప్రకటించారంటే, అది కెమెరాల చలవే. ఆ ఉపకారం మరవలేదు.

అయితే గట్టు మీద నిలబడ్డ మనిషిని ఏదో ఒక సర్వే నంబరులోకి నెట్టేదాకా నిద్రపోని సర్వేయరులా, చుక్క చిన్నదైతే చాలు, దాన్ని మీ గడి నడుమకో అంచుకో లాగేస్తారు. ఈ అలవాటునే మావాళ్లు పిక్సెల్ లాకింగ్ అంటారు.

మీ గడి 30 మైక్రాన్ల మేర చూస్తుందనుకుందాం. మీ పొరపాటు అందులో పదోవంతు, అంటే 3 మైక్రాన్లే. కాని సెకనుకు 100 ఫోటోలు తీసి, వరుస ఫోటోల మధ్య జరుగుబాటును కాలంతో భాగిస్తే, రెండు ఫోటోల పొరపాట్లూ కలిసి, కదలని కణానికి సైతం సెకనుకు 0.42 మిల్లీమీటర్ల వేగం అంటగడుతుంది. గది వేడిలో ఆ గోళీ అసలు వేగం ఒక్కో దిశలో సెకనుకు 0.1 మిల్లీమీటరే. కణాల కదలిక నుంచి మేం లెక్కగట్టే ఉష్ణోగ్రత వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, 300 కెల్విన్ల కదలిక మా పట్టికలో 5,500 దాటి సూర్యుడి ఉపరితలంతో పోటీ పడుతుంది. ఇంకా వేగమైన కెమెరా కొంటే సరిపోతుందనుకున్నాం; 200 ఫోటోలకు అది 21 వేలు దాటింది. పోనీ నెమ్మదిగా తీద్దామంటే, రెండు ఫోటోల మధ్యలో కణం వెళ్లి వెనక్కి వచ్చేసి, ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది.

ఇంత వేడి ఎక్కడిదని ప్లాస్మా అంతా గాలించాం. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, తమరిని పట్టివ్వడానికి పిక్సెళ్లలో లెక్కించిన కణాల స్థానాల్లో దశాంశ బిందువు తర్వాతి అంకెలు చాలాయి: సమంగా పరచుకోవలసినవి కొన్నిచోట్ల గుంపులు కట్టాయి.

కాబట్టి ఫోకస్‌ను కావాలనే కాస్త చెడగొట్టి, చుక్కను మరిన్ని గడుల మీదికి పరిచి, నేపథ్యపు వెలుగును తీసివేసి కేంద్రం లెక్కగడుతున్నాం. కచ్చితంగా కొలవడానికి బొమ్మను మసక చేయవలసి వచ్చిందని మా కార్యాలయానికి వివరించే భారం మాత్రం తమరిదే.

ఇట్లు,
రోజుకు లక్ష చుక్కలు లెక్కించు విధేయుడు